తెర మీద తొమ్మిది వందల అయిదు

మా సెంటర్‌లో నన్ను ఎదురుగా మేడం అనేవాళ్లు, వెనకాల అనుమానాలక్క అనేవాళ్లు. ఆ రెండో పేరు కొన్నాళ్లదాకా నా చెవిన పడలేదు. పడిన రోజు కోపం వచ్చింది గానీ, అబద్ధమని మాత్రం అనలేకపోయాను.

నా పేరు విజయ. మాది నల్గొండ జిల్లా. డిగ్రీలో లెక్కలు చదివి, పెళ్లయ్యాక నాచారం వచ్చి, అక్కడి ఒక ఫ్యాక్టరీలో మొదట టైపిస్టుగా, తర్వాత కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేశాను. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఉప్పల్‌లో కొత్తగా పెట్టిన ఒక స్కానింగ్ సెంటర్‌లో చేరాను. కంప్యూటర్లు చూసుకోవడం, తీసిన ప్రతి స్కాన్‌నూ భద్రంగా దాచడం, అడిగినప్పుడు వెతికి ఇవ్వడం నా పని. తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది, మెట్రో స్తంభాల దుమ్ము మధ్య ఆ ఉద్యోగం నుంచి రిటైరయ్యాను.

ఇప్పుడు ఈ పనిలోకి వచ్చే పిల్లలు నాకంటే చాలా ఎక్కువ చదువుకుని వస్తున్నారు. వాళ్లకు కంప్యూటర్ గురించి నేను చెప్పేది ఏమీ లేదు. కానీ ఈ పనిలో నేను రెండు పెద్ద తప్పులు చేశాను. రెండూ ఒకే లెక్క దగ్గర జరిగాయి. మొదటిసారి ఆ లెక్క తెలియక చేశాను. రెండోసారి తెలుసన్న ధీమాతో చేశాను. రెండోదే పెద్ద తప్పు. అవి చెబుదామనే ఇది రాస్తున్నాను.

పదకొండు జీబీ

సెంటర్ పెట్టిన కొత్తలో స్కాన్లు దాచడానికి మూడు హార్డ్ డిస్కులు కావలసి వచ్చాయి. మా దగ్గర యాదగిరి అని ఎలక్ట్రీషియన్ ఉండేవాడు. నలభై ఏళ్ల మనిషి, చిల్కానగర్‌లో ఇల్లు. జనరేటర్ చూసుకోవడం దగ్గర్నుంచి బయటి నుంచి సామాను తేవడం దాకా అన్నీ అతనే. డిస్కులు కూడా అతనే స్కూటర్ మీద వెళ్లి తెచ్చాడు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో 160 జీబీ అని ఉంది.

మొదటి డిస్కు బిగించి కంప్యూటర్ ఆన్ చేసి చూస్తే తెర మీద 149 జీబీ అని వచ్చింది. రెండోది పెట్టాను, 149. మూడోది, 149. ఒక్కో దానిలో పదకొండు జీబీ లేదు.

అప్పటిదాకా ఫ్యాక్టరీలో నేను చూసినవన్నీ చిన్న డిస్కులు. తేడా ఉన్నా కంటికి ఆనలేదు, లేదా నేను పట్టించుకోలేదు. ఇప్పుడు కనబడింది. కనబడగానే నాకు మొదట వచ్చిన ఆలోచన డిస్కుల గురించి కాదు, యాదగిరి గురించి. ఆ రోజు అతను పదకొండు గంటలకు వెళ్లి ఒంటిగంటకు వచ్చాడు. రెండు గంటలు! దుకాణం చూస్తే పావుగంట దూరం.

పెద్ద డాక్టరు గారికి చెప్పాను. సెంటర్ ఆయనదే. మంచి వైద్యుడు, తొందర మనిషి. రిసెప్షన్ దగ్గర అందరూ ఉండగానే యాదగిరిని పిలిచారు.

"డబ్బాలో డిస్కు మార్చి వేరేది పెట్టారయ్యా. ఎవరు మార్చారు?"

"నేనెందుకు మారుస్త సార్? డబ్బా మీద ఏమున్నదో అదే తెచ్చిన. సీలు గూడ మేడమే తీసింది."

నేను మధ్యలోకి వచ్చాను. "రెండు గంటలు ఎందుకు పట్టింది?"

అతను నా వైపు తిరిగి చూశాడు. "ఉప్పల్ చౌరస్త కాడ పంచరైంది మేడం. టైరు జేపిచ్చుకోని వచ్చిన."

"పంచరుకు రెండు గంటలా?"

ఎవరో నవ్వారు. యాదగిరి జేబులోంచి జనరేటర్ గది తాళాలు తీసి బల్ల మీద పెట్టి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. సీలు నేనే తీశానన్న మాట అప్పుడు నా చెవికి ఎక్కలేదు. అనుమానం వచ్చిన మనిషి తన అనుమానానికి పనికొచ్చేదే వింటాడు. నేనూ అంతే.

దాదాపు రెండు వారాలు అతను రాలేదు. జనరేటర్‌కు వేరే మనిషిని పెట్టుకున్నాం. ఒక మధ్యాహ్నం, డిస్కులో ఎంత ఖాళీ ఉందో చూద్దామని కంప్యూటర్‌లో డిస్కు వివరాలు చూపే విండో తెరిచాను. అందులో రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి 149 జీబీ. దాని ఎడమ పక్కన బైట్లలో పూర్తి అంకె: నూట అరవైతో మొదలై, మొత్తం పన్నెండు అంకెలు.

నూట అరవై! ఆ అంకె మొదటిరోజు నుంచీ అక్కడే ఉంది. నేను కుడి పక్క చూశాను గానీ ఎడమ పక్క చూడలేదు.

కాగితం తీసుకున్నాను. నూట అరవై రాసి పక్కన తొమ్మిది సున్నాలు పెట్టాను. డిస్కు తయారుచేసేవాడికి కిలో అంటే వెయ్యి, మెగా అంటే వెయ్యి వేలు, గిగా అంటే దానికి మళ్లీ వెయ్యి రెట్లు. కానీ మా కంప్యూటర్ వెయ్యి దగ్గర ఆగదు, 1024కు ఒకటి చొప్పున కడుతుంది. సరే అని 1024తో భాగించాను. పదిహేను కోట్ల అరవై రెండు లక్షల యాభై వేలు వచ్చింది. మళ్లీ భాగించాను. లక్షా యాభై రెండు వేల చిల్లర. మూడోసారి భాగించాను. 149.

డిస్కులో ఒక్క బైటు తక్కువ లేదు. రెండు కొలతలకూ జీబీ అనే ఒకే పేరు పెట్టారు, అంతే. డిగ్రీలో లెక్కలు చదివిన నేను, మూడు భాగహారాలు చేయడానికి సోమరితనపడి ఒక మనిషిని దొంగను చేశాను.

చిల్కానగర్‌లో

మర్నాడు ఆదివారం. వెతుక్కుంటూ యాదగిరి ఇంటికి వెళ్లాను. తలుపు అతని భార్య తీసింది. నన్ను పైనుంచి కిందికి చూసి, "అనుమానాలక్క అంటే నువ్వేనా?" అంది. ఆ పేరు నాకు తెలిసింది అప్పుడే.

యాదగిరి వసారాలో కూర్చుని పాత మోటారుకు రాగి తీగ చుడుతున్నాడు. లేవలేదు. కానీ పక్కనున్న స్టూలు కాలితో నా వైపు జరిపాడు.

నేను కాగితం తీసి లెక్క మొత్తం చెప్పాను. తీగ చుట్టడం ఆపకుండా విన్నాడు.

"మా తాతల కాలంల మా ఊరి సేటు కాడ రెండు మానికలు ఉండెనట. గింజలు కొనే మానిక పెద్దది, అమ్మే మానిక చిన్నది. పేరు మాత్రం రెండిటికి మానికనే. గట్లనా ఇది?"

"అట్లనే."

"అంటె నేను తెచ్చిన గింజలు సక్కగనే ఉన్నయి. మీ మానికనే వేరు."

"అవును యాదగిరీ. తప్పు నాదే. రేపు పనికి రా."

అతను తీగ కత్తిరించి కొన ముడివేశాడు. "మేడం, ఈ లెక్క నాకు ఒక్కనికి చెప్తే ఏం ఫాయిదా? నన్ను దొంగ అన్నది పది మంది ముంగట. లెక్క గూడ ఆ పది మంది ముంగటనే చెప్పాలె."

పెద్ద డాక్టరు గారికి ఈ మాట చెబితే ఇబ్బందిగా కదిలారు. "నా గదికి రమ్మనండి, నేనే సారీ చెబుతాను," అన్నారు. మంచి మనుషులు కూడా తిట్టేది హాల్లో, క్షమాపణ అడిగేది గదిలో. నా ఉద్యోగంలో నేను చూసిన ముగ్గురు బాసులదీ ఇదే తీరు.

మంగళవారం పొద్దున యాదగిరిని పిలిపించి, అందరూ వచ్చాక నేనే చెప్పాను. ఒక ఎక్స్‌రే కవరు వెనక ఆ మూడు భాగహారాలూ అందరికీ కనబడేట్టు చేసి చూపించాను. రెండోదానిలో ఒక అంకె తప్పు వేశాను కూడా. నర్సమ్మ సరిదిద్దింది. యాదగిరి గోడకు ఆనుకుని నిలబడి చివరిదాకా విని, నేను బల్ల మీద పెట్టిన తాళాలు తీసుకుని జనరేటర్ గదికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను బయటి నుంచి ఏం తెచ్చినా, డబ్బా నా ముందు పెట్టి, "సీలు మీరే తీయున్రి," అనేవాడు. ఒక్కసారి కూడా మరిచిపోలేదు.

నేను మేధావినైన కాలం

ఆ దెబ్బతో నేను ఈ కొలతల వెంట పడ్డాను. ఒక్కో వస్తువు మీద ఒక్కో మానిక అని తెలిసింది. 700 ఎంబీ అని అమ్మే సీడీని 1024 లెక్కన కొలిచి అమ్ముతారు. దాని తమ్ముడే అయిన డీవీడీ మీద 4.7 జీబీ అని రాసేది వెయ్యి లెక్కన, అందుకే అది కంప్యూటర్‌లో 4.38 కనబడుతుంది. పాత ఫ్లాపీ మీది 1.44 అంకె అయితే రెండు మానికలనూ కలిపి కొట్టిన సంకరం. ఇంటర్నెట్ కంపెనీలు బైట్లు కూడా కాదు, బిట్లు చెబుతాయి. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. 512 కిలోబిట్లు అని చెప్పి ఇచ్చిన లైనులో ఫైలు సెకనుకు 64 కిలోబైట్ల చొప్పునే దిగుతుంది. అమ్మేవాడు ఎప్పుడూ తనకు పెద్దగా కనబడే అంకెనే రాస్తాడు. అంకె పక్కన ఉన్న అక్షరాన్ని నమ్మకండి. ఎవరు కొలిచారు, ఏ మానికతో కొలిచారని అడగండి.

ఇంకొకటి. కొలత పెద్దదయ్యేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. కిలో దగ్గర వందకు రెండున్నర కూడా ఉండదు. గిగా దగ్గర ఏడు దాకా పోతుంది. టెరా దగ్గర తొమ్మిది. ఈ అంకెలు నాకు కంఠతా వచ్చేశాయి. చుట్టుపక్కల ఆసుపత్రుల వాళ్లు కూడా ఫోన్ చేసి, "మేడం, డిస్కు తక్కువ చూపిస్తున్నది," అనేవాళ్లు. నేను అంకె వినీ వినగానే, "సరిగ్గానే ఉంది, వెయ్యికీ 1024కూ తేడా," అని తీర్పు చెప్పేదాన్ని. డాక్టరు గారు నన్ను చూపించి, "మా విజయగారి దగ్గర లెక్క తప్పదు," అనేవారు.

అనుమానాలక్క అన్న పేరు మెల్లగా మరుగున పడింది. అప్పుడే నేను అనుమానించడం మానేశానని నాకు తెలియలేదు.

తొమ్మిది వందల అయిదు

హార్డ్ డిస్కులు నిండినప్పుడల్లా స్కాన్లను డీవీడీల మీదికి ఎక్కించి ఖాళీ చేసేదాన్ని. ఆరేళ్లకు మా స్కాన్లు రెండు వందల పదమూడు డీవీడీలు అయ్యాయి. ప్రతి దాని మీదా నా చేతిరాతతో నెంబరు. అన్నిటినీ ఒక పెద్ద సర్వర్‌లోకి ఎక్కించాలని డాక్టరు గారు నిర్ణయించారు. నాచారంలో ఇలాంటి పని చేసే ఒక చిన్న సంస్థకు అప్పజెప్పాం. దాన్ని నడిపేది కిషోర్ అని ముప్పై అయిదేళ్ల మనిషి. మాట నెమ్మది, పని వేగం. డీవీడీలు అట్టపెట్టెల్లో వాళ్ల ఆఫీసుకు వెళ్లాయి. అవి బందుల రోజులు. వారంలో రెండు రోజులు రోడ్డు మీద బస్సు తిరిగేది కాదు. పది రోజుల పని నెల పట్టింది. అందరికీ తొందరగానే ఉంది.

పని అయిందని కిషోర్ సర్వర్ తెచ్చి పెట్టాడు. అతను ఇచ్చిన కాగితంలో, రెండు వందల పదమూడు డిస్కులు, మొత్తం 1000 జీబీ అని ఉంది. వెయ్యి అన్న ఆ అంకె డీవీడీల మీద రాసే మానికతో కట్టింది. తెర మీద 905 జీబీ అని ఉంది.

నేను కాగితం చూశాను, తెర చూశాను. కిషోర్ నా పక్కన నిలబడి ఉన్నాడు. అతను నోరు తెరవలేదు. నేనే తెరిచాను.

"వెయ్యి జీబీ అంటే టెరా కదా. టెరా దగ్గర తేడా తొమ్మిది శాతం. తొమ్మిది వందల తొమ్మిది రావాలి. నాలుగు అటూ ఇటూ. సరిపోయిందిలే."

"అవును మేడం. గదే," అన్నాడు కిషోర్.

సంతకం పెట్టాను. కాపీ అయిన పాత డిస్కులను ముక్కలు చేయించవచ్చని రాసి ఉన్న కాగితం మీద కూడా పెట్టాను. "గదే" అన్న ఆ మాట కొంచెం వేగంగా వచ్చిందని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు. ఎలా అనిపిస్తుంది? అతను చెప్పాల్సిన సాకును నేనే వండి, వడ్డించి పెట్టాను.

సత్తయ్య

అయిదు నెలల తర్వాత సత్తయ్య వచ్చాడు. నాచారంలో లేతు మిషను మీద పనిచేసే మనిషి, జనగామ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. పక్కన భార్య బాలమణి. దగ్గు తగ్గట్లేదని ఛాతీ స్కాన్ తీస్తే, ఊపిరితిత్తిలో మిరియపు గింజంత మచ్చ కనబడింది.

స్కాన్లు చదివే డాక్టరమ్మ నన్ను పిలిచింది. "ఈయన మూడేళ్ల క్రితం ఇక్కడే ఛాతీ స్కాన్ తీయించుకున్నారట. అది కావాలి. అప్పుడూ ఇదే మచ్చ ఇంతే ఉంటే భయం లేదు. లేకపోతే సూదితో ముక్క తీసి పరీక్షకు పంపాలి. దాంట్లో ఊపిరితిత్తికి గండం ఉంది."

"మీకిచ్చిన ఫిల్ము ఏది?" అని సత్తయ్యను అడిగాను.

బాలమణి చెప్పింది. "ఇల్లు మారినప్పుడు పోయిందక్క. మీ కాడ ఉంటదని ఫికర్ జేయలే."

రిజిస్టర్‌లో అతని పేరు ఉంది. సర్వర్‌లో లేదు. పేరుతో వెతికాను, తేదీతో వెతికాను. ఆ తేదీకి ముందు రోజు లేదు, తర్వాతి రోజు లేదు. వరుసగా ఎనిమిది రోజుల స్కాన్లు ఒక్కటీ లేవు.

కిషోర్ ఇచ్చిన కాగితం బయటికి తీశాను. ఈసారి కంఠతా వచ్చిన అంకెలు పక్కన పెట్టి, పెన్సిలుతో భాగించాను. వెయ్యి జీబీ అంటే ఒకటి పక్కన పన్నెండు సున్నాలు. 1024తో ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. 931 వచ్చింది.

909 కాదు. ఇంకోసారి, అంటే నాలుగోసారి భాగిస్తే గానీ ఆ తొమ్మిది రాదు. అప్పుడు వచ్చేది టీబీల్లో, 0.909. కానీ తెర మీద ఉన్నది జీబీ. జీబీకి మూడుసార్లే. నేను గిగాను టెరా మానికతో కొలిచి, పోయిన సొమ్మును ఆ మానికలో దాచేశాను.

931లోంచి 905 తీస్తే ఇరవై ఆరు. తెర మీద ఒక్కో డీవీడీ 4.38. ఇరవై ఆరులో ఎన్ని పడతాయి? ఇంచుమించు ఆరు. రిజిస్టర్ పెట్టుకుని నెంబరు నెంబరుగా సర్వర్‌తో సరిచూశాను. ఆరు నెంబర్లు లేవు. పెన్సిలు చెప్పింది నిజం.

డాక్టరు గారి గదికి వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడిచారు. "సర్వర్ చెడిపోయిందని చెప్పండి. అది ఎవరికైనా అర్థమవుతుంది. సూది పరీక్ష మనమే చేయిద్దాం."

"సర్వర్ బాగానే ఉంది సార్. చెడింది నా లెక్క."

"ఆ మాట చెబితే రేపు ప్రతి పేషెంటూ తన స్కాన్ ఉందా అని అడుగుతాడు."

"అడగనివ్వండి సార్. అడగాలి."

ఆయన ఒప్పుకోలేదు. బయటికొచ్చి సత్తయ్యకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా దగ్గర కాపీ చేయడంలో తప్పు జరిగిందనీ, నేను చూసుకోకుండా సంతకం పెట్టాననీ, రెండు రోజులు గడువు కావాలనీ అన్నాను.

"రెండు దినాలు దేనికక్క? ఉన్నదా, లేదా?"

"తెల్వదు."

అతను మసి ఇంకిన తన చేతుల వైపు చూసుకున్నాడు. బాలమణి ఏదో అనబోతే భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. "తెల్వదన్నది గదా. ఉన్నదని అబద్ధం చెప్పలే. ఎల్లుండి వస్తం."

నాచారం సొరుగు

ఆ మధ్యాహ్నమే యాదగిరిని వెంటబెట్టుకుని ఆటోలో నాచారం వెళ్లాను. లోపలికి వెళ్లే ముందు యాదగిరి నన్ను ఆపాడు.

"మేడం, ఒక్క మాట. ఈసారి మీరు ముందుగాల చెప్పకున్రి. అడుగున్రి. ఆయనను చెప్పనియ్యున్రి."

సరేనన్నాను. కిషోర్ ఎదురుగా కూర్చుని రిజిస్టర్ తెరిచి, ఆరు నెంబర్లు చదివి, "ఇవి ఏమయ్యాయి?" అని ఊరుకున్నాను. ఫ్యాను తిరుగుతోంది. పక్క షెడ్డులోంచి ఇనుము కోస్తున్న చప్పుడు వస్తోంది. నాకు నోరు తెరవాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. యాదగిరి నా వైపే చూస్తున్నాడు.

చివరికి కిషోరే అన్నాడు. "గవి చదవలే మేడం. గీతలు పడ్డయి. తర్వాత మళ్ల ట్రై చేద్దామని పక్కన పెట్టినం. మొత్తం వెయ్యి అని రాసింది డిస్కుల లిస్టు చూసి. సర్వర్ కొలిచి రాయలే."

"ఆ రోజు నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెప్దామనే వచ్చిన. మీరే తొమ్మిది శాతం తేడా, సరిపోయింది అన్నరు. ఇంత తెలిసిన మేడం అన్నంక నిజంగనే సరిపోయిందేమో అనుకున్న." తల దించుకున్నాడు. "అనుకోలే. అనుకున్నట్టు చేసిన."

అతని మీద నాకు ఈ రోజుకీ పూర్తిగా నమ్మకం లేదు. కానీ ఆ చివరి మాట కోసం అతన్ని తిట్టలేకపోయాను. నేనూ ఆ రోజు అదే చేశాను.

"పక్కన పెట్టినవి ఎక్కడున్నాయి?"

వరుసగా సొరుగులు లాగాడు. నాలుగో సొరుగులో, పాత కీబోర్డుల కింద, బ్రెడ్డు కవరులో చుట్టి ఉన్నాయి. ఆరు. ముక్కలు చేసిన వాటిలో కలవకపోవడానికి కారణం ఎవరి జాగ్రత్తా కాదు, మతిమరుపు. దేవుడు అప్పుడప్పుడు మతిమరుపు రూపంలో కూడా వస్తాడు గాబోలు.

సెంటర్‌కు తెచ్చి కొత్త కంప్యూటర్‌లో పెట్టాను. చదవలేదు. ఇంకో కంప్యూటర్‌లో పెట్టాను. చదవలేదు. యాదగిరి తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"ఇవి రాసింది ఏ మిషను మేడం?"

"పాత స్కాన్ కంప్యూటర్. తీసేశాం కదా."

"తీసేసినం గని పారేయలే. జనరేటర్ రూముల ఉన్నది. ఎవని చేతిరాత వానికే సదువ వస్తది గదా, పెట్టి సూడున్రి."

దుమ్ము పట్టిన ఆ పెట్టెను తెచ్చి, తుడిచి, కరెంటు ఇచ్చాడు. మొదటి డిస్కు పెట్టాను. గరగరమంది, ఆగింది, మళ్లీ గరగరమంది. పావుగంట తర్వాత తెర మీద పేర్లు రావడం మొదలైంది. ఒక్కో డిస్కు దించడానికి నాలుగైదు గంటలు పట్టింది. అయిదు డిస్కులు వచ్చాయి. నాలుగోదానిలో సత్తయ్య ఉన్నాడు.

చెప్పినట్టే మూడో రోజు పొద్దున భార్యాభర్తలు వచ్చారు. డాక్టరమ్మ పాత స్కాన్, కొత్త స్కాన్ పక్కపక్కన పెట్టి, రెండిటిలో మచ్చను కొలిచింది. నేను ఆమె వెనక నిలబడి, రెండూ ఒకే కొలతలో ఉన్నాయా అని ఒకటికి రెండుసార్లు చూశాను. మిల్లీమీటర్లే. ఆరు, ఆరు.

"పెరగలేదు. ఎప్పటిదో పాత గాయం తాలూకు మచ్చ. దగ్గుకు మందు రాస్తాను. ఏడాదికి ఒకసారి వచ్చి చూపించుకోండి, చాలు."

బాలమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగింది. సత్తయ్య కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచాడు. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి అన్నాడు.

"అక్క, జర ఈ స్కాన్ రెండు సీడీలల్ల ఎక్కించి ఇయ్యి. ఒకటి మా ఇంట్ల పెట్టుకుంట. ఇంకొకటి అన్నోజిగూడల మా బావమర్ది ఇంట్ల పెడత."

"రెండు ఇళ్లలో ఎందుకు?"

"మీ మీద నమ్మకం లేదక్క. ఏమనుకోకు."

ఈ పనిలో నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పేది ఆ రెండు ముక్కలే. ఒక కాపీ చాలదు, రెండూ ఒకే చోట పెట్టొద్దు.

ఆరో డిస్కు

ఆరో డిస్కు చదవలేదు. ఎన్నిసార్లు పెట్టినా గరగరమని, ఆగి, ట్రే బయటికి తోసేసేది. అందులో ముప్పై ఎనిమిది మంది స్కాన్లు ఉన్నాయి. డాక్టరు గారు ఈసారి వద్దనలేదు, చేయమనీ అనలేదు. నేనే రిజిస్టర్‌లోని నెంబర్లకు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను. మీ పాత స్కాన్ మా దగ్గర పోయింది, మీ దగ్గర ఫిల్ము ఉంటే జాగ్రత్తగా పెట్టుకోండి అని.

చాలామంది సరే అన్నారు. కొందరివి నెంబర్లు మారిపోయాయి. ఒక ఇంట్లో, ఆ మనిషి పోయి ఏడాదైందని చెప్పారు. నాగోల్ నుంచి నర్సింహ అనే ఆయన మాత్రం ఫోన్‌లో గట్టిగా అడిగాడు. "పోయిందని మీ అంతట మీరే ఫోన్ జేసి చెప్తున్నరా? లోకంల ఎవలన్న గిట్ల చెప్తరా? దీంట్ల ఇంకేందో ఉన్నది. నేను వస్తున్న."

వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు మూసీ పక్కన కూరగాయలు పండించిన కుటుంబమట, ఇప్పుడు ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్. నా బల్ల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"డిస్కు సూపియ్యి."

ఇచ్చాను. కిటికీ వెలుతురుకు అడ్డం పెట్టి, అటూ ఇటూ తిప్పి, గీతను వేలితో తడిమాడు. "దీంట్ల నా కడుపు ఉన్నదా?"

"ఉండాలి. తియ్యలేకపోతున్నాం."

"నా ముంగట పెట్టు."

పాత పెట్టెలో పెట్టాను. గరగరమంది, ఆగింది, ట్రే బయటికి వచ్చింది.

"ఇంకోపాలి."

పెట్టాను. అయిదుసార్లు పెట్టించాడు. ప్రతిసారీ ముందుకు వంగి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. అయిదోసారి ట్రే బయటికి వచ్చాక వెనక్కి వాలాడు.

"సరే. పోయింది. ఇప్పుడు నమ్మిన. గని కాయిదం రాసియ్యి. రేపు ఏ దవాఖానల అడిగినా సూపెడత. ఇంగ్లీషుల వద్దు."

తెల్లకాగితం తీసి రాశాను. ఫలానా తేదీన తీసిన మీ స్కాన్ మా దగ్గర పోయింది. తప్పు మాది. కింద సంతకం, తేదీ.

అతను కాగితం దూరంగా పట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. చివరి మాట దగ్గర ఆగాడు.

"మాది అంటే ఎవలది?"

హాల్లో అయిదారుగురు కూర్చుని ఉన్నారు. పెద్ద డాక్టరు గారు తన గది తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. కాగితం వెనక్కి తీసుకుని, ఆ మాట కొట్టేసి, పైన "నాది" అని రాసి, పక్కన మళ్లీ సంతకం పెట్టాను. నర్సింహ దాన్ని ఇంకోసారి చదువుకుని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి అలాగే ఉంచుకుని మెట్లు దిగాడు.